బిడ్డ సంచి

ఒంటి మీది భాగాలకు పేర్లు పెట్టేటప్పుడు మన పెద్దలు కాస్త ముచ్చటపడ్డారు గానీ, లోపలి వాటి దగ్గరికి వచ్చేసరికి ఎక్కడలేని బద్ధకం చూపించారు. కంటికి కనిపించనిదానికి అందమైన పేరెందుకు అనుకున్నారేమో, ఇంట్లోనో చేలోనో చేతికి అందిన సామాను పేరు తెచ్చి తగిలించారు. గుండె కాయ అయింది. ఊపిరి పీల్చేది కొలిమి దగ్గరి తోలుతిత్తి అయింది. పిల్లలు పెరిగేది సంచి అయింది. దవాఖాన గోడ మీద గర్భసంచి అని రాసి ఉంటుంది గానీ, మానవపాడు చుట్టుపక్కల పల్లెల్లో ఆ మాట పూర్తిగా ఎవరి నోటా రాదు. ముందు సగం ఎక్కడో జారిపోయి సంచి ఒక్కటే మిగిలింది. 'ఆమె సంచి తీపిచ్చుకున్నది' అంటే పాత గోనెసంచి దులిపి అవతల పారేసినంత తేలిగ్గా ఉంటుంది వినడానికి. ఆ ముందు సగం ఎక్కడ జారిపోయిందో రజియాబీ కథ వింటే తెలుస్తుంది.

రజియాబీది తుంగభద్ర ఒడ్డున ఒక చిన్న ఊరు. దూదేకుల ఇంటి కోడలు. ఆమె పెనిమిటి ఖాసిం పాత పరుపులు విప్పి, లోపల గడ్డకట్టిన దూదిని ఏకి, మళ్లీ నింపి కుట్టేవాడు. స్పాంజి పరుపులు వచ్చి ఆ పని సగానికి సగం పడిపోయింది. ఖాసిం చాలా మంచివాడని ఊరంతా అనేవారు. మంచివాడంటే మరేం లేదు, ఏ విషయంలోనూ తన మాట చెప్పనివాడు. ఏది అడిగినా "నీ ఇష్టం" అనేవాడు. ఆ మాట అన్నాక ఆయనకు హాయిగా నిద్ర పట్టేది, ఆమెకు పట్టేది కాదు.

మొదటి కాన్పులో సిద్రా పుట్టినప్పుడు రజియాకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. నొప్పులు మొదలయ్యాక భయంతో బిగుసుకుపోయి, లోపల ఏమవుతోందని మంత్రసాని అలివేలమ్మ చెయ్యి పట్టుకుని అడిగింది. అలివేలమ్మ ఆ ఊళ్లో సగం మందిని ఈ లోకంలోకి లాగిన మనిషి. ఆమె వక్క నములుతూ చెప్పింది.

"నీ కడుపుల ఒక సంచి ఉన్నది బిడ్డా. బిడ్డ సంచి. దానికొక మూతి ఉన్నది. ఎప్పుడు తెరవాల్నో దానికే ఎరుక. నీకు తెల్వదు, నాకు తెల్వదు, నీ మొగనికి అసలే తెల్వదు. మనం గుంజొద్దు, తొందర పెట్టొద్దు. అది నీదే గాని నీ మాట వినది."

అంత నొప్పిలోనూ రజియాకు నవ్వొచ్చింది. నవ్వేసరికి ఒళ్లు సడలింది. తెల్లారేలోపు సిద్రా పుట్టింది. ఊళ్లో ఆ మాట పుట్టించింది అలివేలమ్మే అంటారు. అంతకుముందు ఆ ఊరి ఆడవాళ్లు దాన్ని 'లోపలిది' అనేవారట, అదీ గొంతు తగ్గించి, కొంగు అడ్డం పెట్టుకుని. భయపడే ప్రతి కొత్త కోడలికీ అలివేలమ్మ ఈ కథే చెప్పేది. కాన్పు కాన్పుకూ ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది.

తర్వాత ఊళ్లోకి ఆరెంపీ శ్రీశైలం వచ్చాడు. పెద్ద చదువేమీ కాదు గానీ మోటారు సైకిలు ఉంది, నవ్వు మొహం ఉంది, పిలిస్తే ఏ వేళకైనా వస్తాడు. తెల్లబట్ట అవుతోందన్నా, నడుం లాగుతోందన్నా అతను ముందు సూది వేసేవాడు, రెండోసారి వస్తే పట్నంలో స్కానింగుకు తీసుకుపోయేవాడు. అతని నోట్లోనే ఆ మాట సగానికి విరిగింది. పిల్లలు పుట్టడం అయిపోయి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అయినవాళ్లకు బిడ్డ సంచి ఏమిటి, సంచి అంటే చాలదూ. 'ఖాళీ సంచి అక్కా, ఉన్నా లేకున్నా ఒకటే' అనేవాడు. ఖాళీది అన్నాక ఇంక దాన్ని దాచుకోవడం పిసినారితనంలా కనిపిస్తుంది ఎవరికైనా.

సిద్రా తర్వాత రజియాకు ఉవైస్ పుట్టాడు. పిల్లలిద్దరు చాలని ఆమె కూడా క్యాంపులో ఆపరేషన్ చేయించుకుంది. ఆపైన ఆమె బతుకంతా ఊళ్లో రైతు గోవిందు సీడు పత్తి చేలో కూలి పనిలోనే గడిచింది.

గద్వాల వైపు సీడు పత్తి తెలియనివాళ్లు లేరు. మామూలు పత్తి తన మానాన తాను పూస్తుంది, కాస్తుంది. కంపెనీల విత్తనాల కోసం పెంచే సీడు పత్తికి ఆ భాగ్యం లేదు. రేపు పొద్దున విచ్చుకోబోయే మొగ్గను ఈ పొద్దు మధ్యాహ్నమే పట్టుకుని, గోటితో రేకులూ పుప్పొడి గింజలూ ఒలిచేయాలి. నడుమ నిలబడ్డ పుల్ల విరగకూడదు, అడుగున ఉన్న చిన్న బొడిపెకు గోరు తగలకూడదు. తగిలితే కాయ నిలవదు. మర్నాడు పొద్దున మగ సాలు నుంచి పూలు కోసుకొచ్చి ఆ పుల్ల మీద రుద్దాలి. పూవుకు ఉన్నది ఒక్క పొద్దే. అది దాటితే దాని బతుకు అయిపోయినట్టే. అందుకే సీజను మొదట్లోనే సాళ్లు పంచేస్తారు. ఈ సాళ్లు నీవి, ఆ సాళ్లు ఆమెవి. నీ సాళ్లలో పూవు వృథా పోతే వచ్చే ఏడు నీకు సాళ్లు లేవు.

ఆ చేలో ఒక కట్టుబాటు ఉంది. ముట్టులో ఉన్న ఆడమనిషి పూత మీద చెయ్యి వేయకూడదు, చేలో కాలు పెట్టకూడదు. పెడితే పూత రాలిపోతుంది. రజియా ఇంట్లో అంత పట్టింపు లేదు. ఆ రోజుల్లో నమాజు చదవదు, అంతే, వంటా నీళ్లూ అన్నీ ఆమే చూసుకుంటుంది. కానీ చేను గోవిందుది, చేలో మాట గోవిందు భార్య వెంకటమ్మది. నెలనెలా ఆ నాలుగు పొద్దులు రజియా గట్టు దాటకూడదు, పూవేమో ఆగదు. మరి ఆమె సాళ్లు ఎవరు చూస్తారు? ఇంకా పెద్దమనిషి కాని పిల్లలైతే ఏ బాధా లేదు. అలా సిద్రా బడి మానేసి నెలకు నాలుగు పొద్దులు తల్లి సాళ్లలో నిలబడేది. సన్నటి వేళ్లు, చురుకైన పిల్ల. వెంకటమ్మ ఆమెను మెచ్చుకోవడం రజియాకు నచ్చేది కాదు. సిద్రాను పదో తరగతి దాకా అయినా చదివించాలని ఆమె పంతం. తనకు వేరే ఆశలేమీ లేవు, ఉన్నది ఆ ఒక్కటే.

రెండు వేల ఏడులో, సిద్రా ఆరో తరగతిలో ఉండగా, త్రైమాసిక పరీక్షల రోజే రజియా ముట్టయింది. పిల్ల పొద్దున్నే అట్టా, పెన్నూ పట్టుకుని నవ్వుతూ బడికి పోయింది. ఆ నవ్వు చూశాక దాన్ని చేలోకి పిలవడానికి రజియాకు నోరు రాలేదు. ఎవరికీ చెప్పకుండా కొంగు బిగించుకుని చేలోకి నడిచింది.

ఆ రోజు ఒక్కొక్క మొగ్గ పట్టుకుంటుంటే నిప్పు పట్టుకున్నట్టే ఉంది. అల్లాను తలుచుకుంది, ఎందుకైనా మంచిదని ఆ చేను దేవతనూ తలుచుకుంది. పక్క సాళ్లలో వెంకటమ్మ ఉంది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి ఆ పొద్దు తలకు గుడ్డ చుట్టుకుని ఎవరి మొహమూ చూడకుండా పని చేసుకుంటోంది. తనను కనిపెట్టిందేమోనని రజియా హడలిపోయింది. ఏమీ అనకపోయేసరికి అల్లా దయ అనుకుని ఇంటికి వచ్చింది.

ఆ వారంలోనే ముసురు పట్టింది. ఆగకుండా కురిసిన వానకు మొగ్గలన్నీ నల్లబడి రాలిపోయాయి. గోవిందు గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. కూలి ఆడవాళ్లు ముక్కున వేలేసుకుని, ఎవరో అంటు కలిపారని గుసగుసలాడారు. వెంకటమ్మ మాత్రం ఒక్క మాట కూడా అనలేదు, కొంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడింది. ఆ మౌనం రజియాను తిట్టు కంటే ఎక్కువ కోసింది. నేనే ముంచాను, ఒకింటి అన్నం నేనే నీళ్లపాలు చేశాను అనుకుంది. ఆ మాట ఖాసింతో చెప్పలేదు, ఎవరితోనూ చెప్పలేదు. నోట్లో పెట్టుకున్న రాయిలా దాన్ని అలాగే ఉంచుకుంది.

పత్తి ఏరడం అయ్యాక వెంకటమ్మ శ్రీశైలం బండెక్కి పట్నం పోయి సంచి తీయించుకు వచ్చింది. కోలుకున్నాక ఇంటింటికీ తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. "పానం సల్లగైంది. నెలనెల పరేషాన్ లేదు, ఫికరు లేదు. ఎందుకు తిప్పలు, మీరు గూడ తీపిచ్చుకోండ్రి." ఒకరి వెనక ఒకరు వెళ్లారు. ఒకామెకు నడుం నొప్పి, ఒకామెకు తెల్లబట్ట, ఒకామెకు ఏమీ లేదు గానీ పక్కింటామె పోయింది కదా అని. ఎండాకాలం వచ్చేసరికి గోవిందు చేలో సాళ్లు పట్టే ఆడవాళ్లలో సంచి ఉన్నది రజియా ఒక్కతే.

సాళ్ల మాట అడగడానికి పోతే వెంకటమ్మ మంచిగానే చెప్పింది. "పొయినేడు లెక్క గాదు రజియా. అందరు నెల పొడుగునా వస్తమంటున్నరు. నువ్వొక్కదానివి నడుమల ఆపుతే నీ సాళ్లు ఎవరు జూడాలె? లేకుంటే గిట్ల చెయ్యి, నీ బదులు నీ పిల్లను పంపు. దాని ఏళ్లు సన్నగున్నయి, మొగ్గ ఒలిస్తే ముద్దొస్తది. ఆడపిల్లకు అంత సదువేంటికి?"

"జర ఆగు వెంకటమ్మక్కా. ఆయనతోని మాట్లాడి చెప్త," అంది రజియా.

ఆయనతో మాట్లాడింది. ఆయన దూది ఏకుతూ, "నీ ఇష్టం" అన్నాడు.

శ్రీశైలం స్కానింగు చేయించి, లోపల వాపు కనబడిందని, ఇలాగే వదిలేస్తే రేపు క్యాన్సర్ కూడా కావచ్చని చెప్పాడు. వాపు నిజంగా ఉందో లేదో ఆ కాగితానికే తెలియాలి. రజియా అలివేలమ్మ దగ్గరికి కూడా పోయింది. ముసలామెకు చూపు ఆనడం లేదు, అరుగు మీద కూర్చుని వక్క దంచుకుంటోంది. తీయించుకోనా వద్దా అని అడిగితే దంచే రాయి పక్కన పెట్టింది.

"తెల్వదు బిడ్డా," అంది. "అండ్లకెళ్లి పిల్లలను తీసుడు నాకు తెలుసు గాని, దాన్నే తీసినంక ఏమైతదో నేనెన్నడు సూడలె. నాకెందుకు తెలుస్తది?"

అక్కడా దారి దొరకలేదు. ఒక పక్క సిద్రా బడి, ఒక పక్క తన ఒళ్లు. ఏది వదులుకున్నా వదులుకోవలసింది తన కడుపులోదే. వద్దని చెప్పేవాళ్లు ఒక్కరు ఉంటే ఆమె ఆగిపోయేది. ఆ ఒక్కరూ దొరకలేదు. పైగా లోపల ఆ రాయి ఒకటి ఉండనే ఉంది. ఇది ఉండబట్టే కదా అప్పుడు ఒకరి చేను ముంచాను, ఇది పోతే ఆ పాపం కూడా దీనితో పోతుందేమో అనుకుంది. ఖాళీ సంచి, పోతే పోనీ. నా బిడ్డ బడి నిలబడితే చాలు అనుకుని ఒప్పుకుంది.

ఆ ప్రైవేటు దవాఖాన పేరుతో మనకు పనిలేదు. ఆ వార్డులో పడుకున్న వాళ్లంతా ఆమె ఈడు ఆడవాళ్లే, పల్లెల వాళ్లే, అందరిదీ ఒకటే ఆపరేషన్. తెల్లకోటు డాక్టరు కాగితం చూశాడు గానీ ఆమె మొహం చూడలేదు. ఆపరేషన్ అయ్యాక, తీసింది తీసినట్టు ఇంటివాళ్లకు చూపించడం అక్కడి రివాజు. నర్సు స్టీలు పళ్లెంలో పెట్టి ఖాసింకు చూపించింది.

రజియాకు తెలివి వచ్చేసరికి ఖాసిం మంచం పక్కన కూర్చుని ఉన్నాడు.

"చిన్నగున్నది రజియా," అన్నాడు. "నా పిడికిలంతనే ఉన్నది. అండ్లనే ఇద్దరు పిల్లలు ఎట్ల వట్టిండ్రో." ఆ మాట అని, కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన తన మనసులో మాట చెప్పడం అదే మొదలు. ఒక్క నెల ముందు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

కడుపు కోసిన మనిషికి బరువెత్తొద్దు, వంగొద్దు అని చెప్పి పంపారు. కానీ రజియా కుట్లు ఒకచోట చీము పట్టి మానడానికి చాలా కాలం పట్టింది. మానాక ఇంకో బాధ మొదలైంది. ఉన్నట్టుండి ఒళ్లంతా పొయ్యిలో పెట్టినట్టు మండేది, చెమటలు కారేవి, వెంటనే చలి. లోపలి నుంచి ఎవరో నడుం పట్టుకుని లాగుతున్నట్టుండేది. ముప్పై ఏళ్ల మనిషి అరవై ఏళ్ల మనిషిలా గోడ పట్టుకుని లేచేది. శ్రీశైలం బలం సూదులు వేశాడు. అందరికీ అలాగే అవుతుంది, సర్దుకుంటుంది అన్నాడు.

ఇంతలో సీజను వచ్చేసింది. రజియా కొంగు బిగించుకుని తన సాళ్లలో నిలబడింది. ఆ చేలో ఇప్పుడు ఆమెకు ఏ అడ్డూ లేదు, నెల పొడుగునా రావచ్చు. మధ్యాహ్నం ఎండలో వంగి మొగ్గలు ఒలుస్తుండగా కళ్లు తిరిగి సాళ్ల మధ్య బోర్లా పడిపోయింది. నలుగురూ మోసుకొచ్చి గట్టు మీద పడుకోబెట్టారు. మొహాన నీళ్లు చల్లుతూ వెంకటమ్మ అంది, "పొద్దు వోతున్నది, మొగ్గలు మిగిలిపోతయి. సిద్రాను పిలువు, ఈ నాలుగొద్దులకు."

ఆ నాలుగు పొద్దులు సీజను అంతా అయ్యాయి. సిద్రా ఏడో తరగతి పుస్తకాలు తాకనే లేదు. ఏ బడి నిలబెట్టడానికి ఆమె తన సంచి తీసి ఇచ్చిందో, ఆ సంచి తీయించుకున్నందుకే ఆ బడి పోయింది. రజియా గడపలో కూర్చుని, కూతురు పత్తి పసరుతో నల్లబడ్డ వేళ్లను రాయికేసి రుద్దుకుంటుంటే చూసేది. తిట్టడానికి ఎవరూ దొరక్క తనను తానే తిట్టుకునేది. మాసిన నిక్కరు వేసుకుని ఉవైస్ బడికి పోతుంటే వాడి మీద కూడా ఉత్తపుణ్యానికి కోపం వచ్చేది.

రెండో ఏడు తల్లీ కూతుళ్లు ఇద్దరూ సాళ్లలో ఉన్నారు. రజియా కాస్త నిలబడగలుగుతోంది, ఆగి ఆగి చేస్తోంది. సిద్రా ముందు సాగిపోతోంది. ఇంక దానికి బడి గొడవ లేదు, అడగడం కూడా మానేసింది. కాయ బ్రహ్మాండంగా పట్టింది ఆ ఏడు. గోవిందు మొహంలో నవ్వు కనిపించింది. 'ఈసారి మన చేను అంటుముట్టు లేకుండ శుభ్రంగున్నది, అందుకే గిట్ల కాసింది' అని వెంకటమ్మ నలుగురిలో చెప్పుకుంది.

ఆ పైవారమే తుంగభద్ర వచ్చింది. రెండు వేల తొమ్మిది అక్టోబరు వరద గురించి ఆ ప్రాంతం వాళ్లకు కొత్తగా చెప్పేదేముంది. నది ఊళ్లోకి రావడం కాదు, ఊరే నదిలోకి పోయింది. చేలూ గడ్డివాములూ బర్రెలూ అన్నీ కొట్టుకుపోయాయి. ఖాసిం దూది ఏకే విల్లు కూడా పోయింది. మిట్ట మీద ఉన్న బడి ఒక్కటే నీళ్లకు అందలేదు. ఊరంతా వెళ్లి బడి గదుల్లో తలదాచుకుంది.

సిద్రా మళ్లీ బడిలో అడుగు పెట్టింది అలా. తాను చదవవలసిన తరగతి గదిలోనే తడి బట్టలతో ఒక మూల ముడుచుకుని పడుకుంది. పెట్టిన పులిహోర పొట్లం కూడా విప్పలేదు. కడుపు నొప్పి అంది. రజియా దగ్గరికి పోయి చూసి, విషయం అర్థమై, తన పాత చీర చింపి ఇచ్చింది. ఊరు మునిగిన వేళ పిల్ల పెద్దమనిషి అయింది.

గోడ పక్కన కూర్చున్న వెంకటమ్మ సంగతి గ్రహించింది. ఆమె చెడ్డ మనిషి కాదు. చేను పోయి, ఇల్లు పోయి, కళ్లు వాచి ఉన్నా, లేచి వచ్చి తన దగ్గర ఉన్న ఒక్క పొడి దుప్పటి సిద్రాకు కప్పింది. కప్పి, ఓదార్పుగానే అంది.

"ఇగ దీనికి గూడ నెలనెల తిప్పలు మొదలైనయి. ఏం ఫికరు లేదులే రజియా. పెండ్లి జేసి, ఇద్దరు పుట్టినంక శ్రీశైలం ఉండనే ఉన్నడు. మన లెక్కనే సంచి తీపిచ్చేస్తె నిమ్మళంగ సాళ్లు వట్టుకుంటది."

సిద్రా తల పైకెత్తి తల్లి మొహం చూసింది. పదమూడేళ్ల పిల్ల. ఆ చూపులో అడిగింది ఏమిటో తెలియదు గానీ, రజియా నోట్లో రెండేళ్లుగా ఉన్న రాయి అప్పుడు బయటికి వచ్చింది.

"వెంకటమ్మక్కా, ఒకటి అడుగుత చెప్పు. ఈసారి ఎవరు ముట్టయిండ్రని పోయింది చేను?"

వెంకటమ్మకు అర్థం కాలేదు. "ఏందే?"

"నీకు సంచి లేదు. నాకు లేదు. ఆ సాళ్లల్ల నిలవడ్డ ఒక్క ఆడిదానికి లేదు. నా పిల్ల ఈ పొద్దు అయింది. మరి చేను ఎందుకు పోయింది?"

గదిలో మిగతా ఆడవాళ్లు మాటలు ఆపి ఇటు తిరిగారు. రజియా ఆగలేదు.

"పొయినసారి ముసురు వట్టినప్పుడు, సిద్రా పరీక్షలని నేను ముట్టు దాచిపెట్టుకొని మీ చేన్ల మొగ్గలొలిచిన. వారం గాకముందే వాన వచ్చింది. నేనే మిమ్ముల ముంచిన అనుకున్న. నీ మొకం సూడలేకపోయిన. ఆ పాపం పోతదని గూడ కోయించుకున్న అక్కా. తిట్టాలంటే ఇప్పుడు తిట్టు."

వెంకటమ్మ తిట్టలేదు. నిలబడ్డదల్లా నెమ్మదిగా కింద కూర్చుంది.

"ఆ పొద్దు నేను గూడ బయటున్న రజియా," అంది.



"మనిషి తక్కువ వడ్డది. నా సాళ్లు నేనే ఇడిసిపెడ్తే కూలోళ్లకు ఏం చెప్పాలె అని దాచిపెట్టుకున్న. గప్పుడే వాన. ఇంటాయన గట్టు మీద తల వట్టుకొని కూసుంటె, నా చేతులతోని నేనే నా సంసారం ముంచుకున్న అనుకున్న. నాకు నడుం నొప్పి లేకుండె, ఏం లేకుండె. ఆ బుగులుకే పోయి తీపిచ్చుకున్న. నా ఒక్కదానికే పోయిందని కుల్లి మీ అందరికి గూడ చెప్పిననేమో, నాకే తెల్వదు."

"మరి నాకెందుకు చెప్పలె?" అంది రజియా.

"నువ్వు చెప్పినవా?"

ఒక్క వానకు ఇద్దరు ఆడవాళ్లు తలా ఒక సంచి చెల్లించుకున్నారు. ఒకే చేలో, పక్క పక్క సాళ్లలో, ఒకే భయాన్ని చెరొకరూ కొంగులో మూట కట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా. ఒక్క మాట అనుకుని ఉంటే సరిపోయేది. ఆ వానకు మాత్రం ఈ సంగతేదీ తెలియదు. అది కురవాలనుకుంది, కురిసింది. తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది, ఎవరి మీద మండాలో తెలియక మళ్లీ మనమీదే మండుతుంది.

ఇద్దరూ ఏడవలేదు. వెంకటమ్మ రజియా చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. బయట వాన తెరిపిచ్చింది గానీ నీళ్లు ఇంకా తీయలేదు. ఎటు చూసినా ఎర్రటి నీరు, ఎక్కడికి పోవడానికీ దారి లేదు. కాసేపటికి సిద్రా దుప్పటిలోంచి చిన్న గొంతుతో అడిగింది.

"అమ్మా, నా సంచి గూడ తీపిస్తరా?"

రజియా కూతురి పక్కకు జరిగి, పత్తి పసరుతో నల్లబడిన ఆ చేతిని తీసుకుని దాని పొత్తికడుపు మీదే పెట్టింది. తన చెయ్యి ఆ చేతి మీద పెట్టింది. అలివేలమ్మ చెప్పిన మాటలు, తాను నొప్పుల్లో నవ్విన మాటలు, ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని చెప్పింది.

"సంచి అనకు బిడ్డా. బిడ్డ సంచి. నువ్వు ఆడ ఉండొచ్చినవ్. ఇంతే ఉంటదంట, నీ నాయన పిడికిలంత. ఎప్పుడు ఏం జెయ్యాల్నో దానికే ఎరుక, ఎవరు గుంజొద్దు. వానలకు దానికి ఏం సంబంధం లేదు, చేన్లకు లేదు. ఎవరు అడిగినా ఇయ్యకు. నేనడిగినా ఇయ్యకు."

తలుపు దగ్గర ఖాసిం నిలబడి ఉన్నాడు. తాగే నీళ్లు బిందెతో తెచ్చి, ఆడవాళ్ల గదిలోకి రాలేక అక్కడే ఆగిపోయి, మాటలన్నీ విన్నాడు. రజియా ఆయన వైపు చూసి, "నీళ్లు తీసినంక పిల్ల చేన్లకు పోదు. ఈడికే వస్తది," అంది.

నీ ఇష్టం అంటాడనుకుంది. ఖాసిం బిందె దించి, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"పోదు," అన్నాడు. "నేను పోనియ్య."

ఇంట్లో గింజ లేదు, ఇల్లే లేదు. సాళ్లు లేకపోతే రేపు ఎలా గడుస్తుందో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. పోయింది ఎటూ తిరిగి రాదు, నడుం నొప్పి కూడా తగ్గదు. రజియా పులిహోర పొట్లం విప్పి, సిద్రాను నల్లబల్ల కింద గోడకు ఆనించి కూర్చోబెట్టి, ముద్దలు కలిపి తినిపించింది.